పాకాల తోటలో రెండు పగళ్ల రేడియో పోటీ

తిరుపతి వెళ్లొచ్చానని చెప్పగానే మా తెనాలిలో ఎవరైనా ముందు తల వైపు చూస్తారు, తరువాత చేతుల వైపు. నా జుట్టు ఎప్పటిలాగే ఉంది. చేతిలో లడ్డూ లేదు. "దర్శనం బాగా జరిగిందా మాస్టారూ?" అని అడిగినవాళ్లకి, కొండ ఎక్కలేదండీ, కింద నుంచే దణ్ణం పెట్టుకుని పాకాల పోయి ఒక మామిడితోటలో రెండు పగళ్లు కూర్చుని వచ్చాను అంటే నాకేదో అయిందన్నట్టు చూస్తున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నాకు అమెచ్యూర్ రేడియో పిచ్చి ఉందని మా స్కూలు పిల్లలందరికీ తెలుసు. సర్కారు పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంతంగా కట్టుకున్న సెట్టుతో దేశదేశాల వాళ్లతో మాట్లాడుకోవడం. మాట్లాడటమంటే నోటితో కాదు. చుక్కలు, గీతలుగా కీ కొట్టి పంపే మోర్స్ భాషలో. ఏడాదికోసారి దీనికి పెద్ద పోటీ జరుగుతుంది. ఆ శని, ఆదివారాల్లో ప్రపంచంలోని రేడియో పిచ్చివాళ్లందరూ ఒక్కసారే గాలిలోకి దూకుతారు. ఎవరో పిలుస్తారు, మీరు జవాబిస్తారు, వాళ్లు తమకిది ఎన్నో పలకరింపో ఆ నంబరు చెబుతారు, మీరు మీ నంబరు చెబుతారు, ఇద్దరూ కాగితం మీద రాసుకుని ముందుకు పోతారు. మొత్తం అర నిమిషం పని. ఎక్కువమందిని తప్పు లేకుండా రాసుకున్నవాడు గెలిచినట్టు. వినడానికి మాత్రం సంతలో వంద మంది ఒకేసారి బేరమాడుతున్నట్టు ఉంటుంది.

ఆ సంతలోకి ఈసారి నేను వెళ్లింది సెలవు తీసుకోవడానికి. కిందటేడు నాలుగు నెలలు జ్వరంతో మంచాన పడ్డాను. సూదిమందులు ప్రాణం నిలబెట్టాయి, చెవిని పట్టుకుపోయాయి. మనుషుల మాటలు వినిపిస్తాయి. సన్నటి శబ్దాలే వినిపించవు. కుక్కర్ కూత వినబడక పప్పు రెండుసార్లు మాడిస్తే మా ఆవిడ సుశీల నన్ను వంటింటి కాపలా నుంచి తీసేసింది. రేడియోలో ఒక్కడే మాట్లాడుతుంటే ఎలాగో పట్టుకుంటాను. పక్కన ఇంకొకడు చేరాడా, ఇక అంతా కలగాపులగం.

చిత్తూరులో చెంగల్రాయుడని బెల్లం మండీ వ్యాపారి ఉన్నాడు. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున గాలిలో నాతో కబుర్లాడే స్నేహితుడు. మనిషిని చూసింది మాత్రం రెండేసార్లు. ఈమధ్య ఆదివారాలు ఏదో సాకు పెట్టి ఎగ్గొడుతూ వచ్చాను. చివరికి ఒక ఉత్తరం రాశాను. ఈ పోటీ పాకాలలో మీ మామిడితోటలో కూర్చుని ఆడతాను, అయ్యాక సెట్టు మీ దగ్గరే వదిలేస్తాను, నాకు తీరిక ఉండటం లేదు అని. చెవి సంగతి రాయలేదు. రాయడానికి సిగ్గేసింది.

సుశీల సెట్టును పాత దుప్పటిలో చుట్టి పెట్టెలో పెడుతూ, "అయితే వట్టి చేతులతోనే వస్తారన్నమాట" అంది. నేను ఊఁ అన్నాను.

తిరుపతి

పొద్దున్నే తిరుపతిలో దిగాను. ప్లాట్‌ఫారం నిండా గుండ్లే. గుండుకు రాసుకున్న గంధం ఆరకముందే ఇడ్లీల దగ్గర తోసుకుంటున్నారు. మా వైపు హోటల్లో ఇడ్లీకి కారప్పొడీ నెయ్యీ అడిగి వేయించుకుంటాం. ఇక్కడ అడక్కుండానే సాంబారు పోసి ఇడ్లీని ముంచేస్తారు. కాఫీ ముప్పై పైసలు, అరవదేశం వాసన, అద్భుతం.

సెట్టు ఉన్న పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక ముసలమ్మ, ఆవిడా గుండే, చాలాసేపు చూసి అడిగింది.

"ఏం దేవుడు నాయనా అందులో? అంత బద్రంగా పట్టుకోనుండావు."

"దేవుడు కాదమ్మా, రేడియో."

"పాడతాదా?"

"పాడదు."

"పాడని రేడియో నీకెందుకు నాయనా?" అంది ఎంతో జాలిగా. సరిగ్గా అదే ప్రశ్న నాకు నేను రైలంతా వేసుకుంటూ వచ్చాను. ఆవిడ నా చేతిలో అరటిపండు ఒకటి పెట్టి వెళ్లిపోయింది.

చిన్న బండిలో పాకాల

తిరుపతి నుంచి పాకాలకు మీటరు గేజి బండి. బొగ్గు ఇంజను. తొందరేమీ లేదు దానికి. మా డెల్టాలో రైలు కిటికీలోంచి చూస్తే కాలవ, వరి, మళ్లీ కాలవ. ఇక్కడ బండరాళ్ల గుట్టలు, వాటి మధ్య చెరకు తోట ఒకటి, చెనిక్కాయల చేను (మా వేరుశనగే) ఒకటి, మళ్లీ బండలు. ఇంత రాతిలో ఇంత తీపి ఎలా పండిస్తున్నారా అనిపించింది.

స్టేషన్లో చెంగల్రాయుడు ఎదురొచ్చాడు. తెల్ల చొక్కా, ఒంటి నిండా బెల్లం వాసన.

"రా అప్పా రా! ఎన్నాళ్లైపోయ నిన్ను సూసి!"

మా వైపు స్కూలు మాస్టారిని 'అప్పా' అని ఎవరూ పిలవరు. 'అండీ' లేనిదే పలకరింపే లేదు. మొదట కాస్త గతుక్కుమన్న మాట నిజం. సాయంత్రానికల్లా ఆ పిలుపు అలవాటైపోయింది. ఇప్పుడు తెనాలిలో ఎవరూ అప్పా అనకపోతే వెలితిగా ఉంది.

తోట ఊరి చివర, ఒక గుట్ట కింద. మామిడి పూత మీదుంది. తోట పక్కనే చిన్న పెంకుటింట్లో మునిరత్నం, ఆయన భార్య రాజమ్మ ఉంటారు. మునిరత్నం పాకాల జంక్షన్లో ముప్పై ఏళ్లు తంతి గుమాస్తాగా చేసి రిటైరయ్యాడట. ఇప్పుడు రెండు ఆవులు, ఈ తోట కాపలా.

ఏరియల్ తీగ నేనే కడతానని పట్టుబట్టి మామిడిచెట్టు ఎక్కాను. యాభయ్యో పడిలో ఆ సరదా ఎందుకో తెలియదు. కొమ్మ మీద ఎర్రచీమలు ఆకులు కుట్టి గూడు కట్టుకున్నాయి, నేను సరిగ్గా దాని మీదే చెయ్యి వేశాను. దిగడం ఎక్కినంత మర్యాదగా జరగలేదు. రాజమ్మ పసుపూ నూనే కలిపి తెచ్చి, నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుని ఇచ్చింది. తీగ ఒక కొస చెట్టుకీ, రెండో కొస గుట్ట మీది బండకీ చెంగల్రాయుడే కట్టాడు.

ఆ పూట రాగిసంగటి, ఊరుబిండి అనే చెనిక్కాయల పచ్చడి, చింతచిగురు పప్పు. నేను సంగటి ముద్దను బుద్ధిగా నములుతుంటే రాజమ్మ చూడలేకపోయింది.

"నమిలేది కాదు నాయనా అది, మింగేది. ఊరుబిండిలో ముంచి గుటుక్కున మింగు."

మింగాను. గొంతులోంచి కడుపులోకి దారి తెలిసినట్టు జారిపోయింది. తిరిగొచ్చినప్పటి నుంచి మా ఇంట్లో రాగిపిండి కొంటున్నాం. సుశీలకి ఇంకా ఉండలు కడుతోంది.

శనివారం

మేం ఆడాలనుకున్నది పదిహేను మీటర్ల బ్యాండు మీద. అది ఎండ ఉన్నంతసేపే పలుకుతుంది, పొద్దు గుంకితే మూగబోతుంది. అందుకే పగలంతా పోటీ, రాత్రి నిద్ర. చెంగల్రాయుడు శనివారం మండీ వదిలి రాలేనని చెప్పి చిత్తూరు వెళ్లిపోయాడు. తోటలోని పాకలో నేనూ, సెట్టూ, కారు బ్యాటరీ మిగిలాం.

స్విచ్ వేశాను. లోకమంతా అక్కడే ఉంది. జపాన్, బల్గేరియా, రష్యా, ఆస్ట్రేలియా ఒకరి మీద ఒకరు. నాకు తెలిసినదంతా ఒక పెద్ద ఈగల రొద. హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకరు పెట్టాను, గుండీ తిప్పి కూతల గొంతును వీలైనంత బొంగురుగా దించాను. ముక్కలు ముక్కలుగా దొరుకుతోంది. మళ్లీ చెప్పమని అడిగాను. ఒకసారి చెప్పారు. రెండోసారి అడిగితే వాళ్లు మరొకరి దగ్గరికి వెళ్లిపోయారు. పోటీలో ఎవరికి అంత తీరిక?

అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. వినబడని అక్షరాలను ఊహించి రాయడం మొదలుపెట్టాను. జపాన్ వాడి స్టేషన్ పేరులో మొదటి రెండక్షరాలు తెలిశాయా, మిగతావి ఇవై ఉంటాయిలే. వాడు కిందటివాడికి ఇచ్చిన నంబరు నలభై అయితే ఈసారి నలభై ఒకటై ఉంటుందిలే. మధ్యాహ్నానికి కాగితం మీద యాభై రెండు వరసలు చేరాయి. చూడటానికి చాలా అందంగా ఉంది. చివరి పోటీ గౌరవంగా ముగుస్తుందని నన్ను నేనే మభ్యపెట్టుకున్నాను.

ఎండ వేళ మునిరత్నం మజ్జిగ తెచ్చాడు. చెంబు పెట్టి సెట్టు వైపు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఇదేనా అయివారూ, మీ తంతి? పిట్టలు కూసినట్టుండాదే!"

అక్కడ మాస్టారిని అయివారు అంటారు. "అదే మోర్స్ మునిరత్నం గారూ, మీరు ముప్పై ఏళ్లు చేసిందే" అన్నాను.

"కాదబ్బా. మాది కూత కాదు. టక్కు టక్కుమని ఇత్తడి కొట్టుకునేది. రెండు టక్కులకు నడమ ఎంత సేపో, అది మా లెక్క. ఈ కూత నాకు ఒక్క ముక్క తెలీలా."

చెవి బాగున్న మనిషికీ అది తెలియడం లేదని విని, ఎందుకో కాస్త ఓదార్పుగా అనిపించింది. ఆయన అంతటితో ఊరుకోలేదు. నా పక్కన చతికిలబడి, అడగనైనా అడగకుండా, ఎడమచేతి వేలొకటి తీసి స్పీకరు కాగితం మీద ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. కాసేపటికి ఒక్కో అక్షరం పైకే చెప్పడం మొదలుపెట్టాడు. చివర్లో, "నాలుగు, ఆరు" అన్నాడు.

ఆ స్టేషన్ జవాబిస్తున్నది నా పిలుపుకే, నేను అప్పటికే దాన్ని రాసేసి ఉన్నాను. ఆయన కళ్లు తెరిచి కాగితం వైపు చూశాడు. నా వరసలో అక్షరాలు రెండు వేరే, నంబరు నలభై ఒకటి.

"వాడు పంపింది నువ్వు రాసింది ఒకటి కాదే అయివారూ."

"సరిగా వినపడలేదు. అదై ఉంటుందని రాశాను."

ఆయన మొహంలో నవ్వు పోయింది. కోపం కూడా కాదు, భయం.

"అదై ఉంటాదని రాసేదా? రైల్వేలో ఆ మాటంటే ఇంటికి పంపిస్తారు. ఆ పక్క స్టేషనోడు బండి నంబరు పంపిస్తే, నేను అదై ఉంటాదిలే అని రాసుకోనుంటే ఏమైతాదో తెల్సా? ఒకే పట్టా మీద రెండు బండ్లు ఎదురుబొదురు. నాకు తెలీకపోతే పదిసార్లు అడిగేవాణ్ణి. తిట్టేవాళ్లు. తిట్టించుకోని మళ్లా అడిగేవాణ్ణి."

ఇక దాచడం నా వల్ల కాలేదు. సుశీలకి తప్ప ఎవరికీ చెప్పని మాట, ముందురోజు పరిచయమైన మనిషికి చెప్పేశాను. జ్వరం, సూదిమందులు, చెవి, సెట్టు వదిలేసి పోదామని వచ్చిన సంగతి, అన్నీ.

"గూడ్సు బండి ఇంజను మా రూము పక్కనే నిల్చోని ఆవిరి వదిలితే మాకు మాత్రం ఏం వినపడేది?" అన్నాడు మునిరత్నం. "ఏ తంతోడైనా అప్పుడు చెవితో వినడు. ఇత్తడి మీద వేలు పెట్టి సదువుతాడు. అది మాకు మామూలే. ఏదీ, నీ వేలు ఇట్టియ్యి."

కుడిచేతి చూపుడు వేలు పెట్టాను. ఏమీ తెలియలేదు. ఆయన నా వేలు పట్టుకుని తిప్పి చూశాడు. సుద్దముక్క పట్టి పట్టి బండబారిపోయింది. "ఇది పనికిరాదు" అని ఎడమచేతి ఉంగరం వేలు తీసి పెట్టించాడు. అప్పుడు, చాలా సన్నగా, వేలి కొసన ఏదో కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. పక్కనున్న కూతలన్నీ చెవిలో గోల చేస్తూనే ఉన్నాయి గానీ, వేలికి మాత్రం నేను బొంగురుగా దించుకున్న ఆ ఒక్క గొంతే తగులుతోంది. సైన్సు మాస్టారిని, ఎందుకో నాకు తెలిసుండాలి. పదేళ్లుగా ఆ స్పీకరు నా ఎదురుగానే ఉంది.

ఆ పొద్దు గుంకేలోపు కొత్తగా ఒక్కరినీ పట్టలేకపోయాను. చేసిన పని ఒక్కటే. కాగితం ముందు పెట్టుకుని, ఊహించి రాసిన ప్రతి వరసనీ కొట్టేశాను. యాభై రెండింటిలో పంతొమ్మిది మిగిలాయి.

సాయంత్రం చెంగల్రాయుడు వచ్చాక అతనికీ చెప్పాను. తింటున్న ముద్ద ఆపేశాడు.

"నాకెందుకు రాయలేదప్పా? ఇన్ని ఆదివారాలు నువ్వు రాకపోతే, నేనేదో అనరాని మాట అన్నానేమోనని మన మాటలు రాసుకున్న పాత కాగితాలన్నీ తీసి సదువుకున్నా, తెల్సా నీకు?"

నా సిగ్గు ఇంకొకరిని ఇంత బాధ పెట్టిందని అంతవరకూ తోచనేలేదు.

ఆదివారం

తెల్లవారగానే మునిరత్నం పలకా బలపం పట్టుకుని తయారయ్యాడు. స్పీకరు మీద నా వేలొకటి, ఆయన వేలొకటి. నేను కాగితం మీద, ఆయన పలక మీద. ఒకరిది ఒకరికి కనబడకుండా రాయడం, తరువాత కలిపి చూసుకోవడం. కీ ముట్టుకోవడానికి ఆయనకు లైసెన్సు లేదు. అందుకని పిలిచేది, జవాబిచ్చేది నేనే.

మొదటి గంటలో నావన్నీ తప్పులే. పదిహేనేళ్ల నుంచి నోట్లో నానుతున్న అక్షరాలు వేలి దగ్గర కొత్తవైపోయాయి. చెమటకి వేలు జారిపోతుంటే రాజమ్మ విభూది తెచ్చి అద్దింది. చెంగల్రాయుడు గడప మీద కూర్చుని, మధ్యమధ్యలో ఒక అలసంద వడ నా నోట్లో పెడుతూ ఉన్నాడు. చేతులు రెండూ ఖాళీ లేవు మరి.

పది గంటల వేళ ఒక జపాన్ స్టేషన్ జవాబిచ్చింది. మెల్లగా పంపమని అడిగాను. మెల్లగా పంపాడు. మళ్లీ అడిగాను. ఇంకా మెల్లగా పంపాడు. అతని వెనక ఎంతమంది కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. మూడోసారి అడగడానికి చెయ్యి రాలేదు. మునిరత్నం పలక మీద నుంచి తల కూడా ఎత్తకుండా "అడుగు" అన్నాడు. అడిగాను. ఆ మహానుభావుడు, మొహం తెలియని మనిషి, విసుక్కోకుండా ఒక్కో అంకె విడివిడిగా నాలుగోసారి పంపాడు. అతని పేరైనా నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. అతనికి నా నమస్కారం.

కాగితం, పలక పక్కపక్కన పెట్టాం. అక్షరం పొల్లుపోలేదు. చెంగల్రాయుడు "అబ్బా!" అని తొడ చరుచుకుంటే వడల పళ్లెం బోర్లా పడింది.

ఆ తరువాత ఒకటి సరిగ్గా, ఒకటి తప్పుగా. తరువాత రెండు సరిగ్గా. మూడు గంటల వేళ వరసగా ఐదు కలిశాయి. మునిరత్నం పలక తుడిచి, గోడకి ఆనించి లేచాడు.

"యాడికి?" అన్నాను. నాకు తెలియకుండానే వాళ్ల మాట వచ్చేసింది.

"ఆవులకు నీళ్లు పెట్టాల."

"మరి ఇది?"

"నేనుండి ఏం చేసేది? నువ్వు రాసిందే గదా నేనూ రాస్తా ఉండా."

ఆయన వెళ్లిపోయాడు. చెంగల్రాయుడు కూడా నెమ్మదిగా లేచి ఆయన వెనకే పోయాడు. పాకలో నేనొక్కడినే. తప్పు రాస్తే దిద్దే పలక పక్కన లేదు. కీ మీద చెయ్యి వేసి పిలిచాను. వేలి కొసన చిన్న కదలిక. ఎవరో జవాబిచ్చారు. రాసుకున్నాను. నంబరు ఇచ్చాను. సరే, ధన్యవాదాలు అన్నారు. యుగోస్లావియా.

పొద్దు గుంకేదాకా లేవలేదు. ఆ రోజు మొత్తం ఇరవై ఏడు. నిన్నటి పంతొమ్మిదితో కలిపి నలభై ఆరు. ఇలాంటి పోటీలో వందలకు వందలు రాసేవాళ్లున్నారు, వాళ్ల ముందు ఇదొక లెక్కే కాదు. నా కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు. పొగ కూడా లేదు చుట్టుపక్కల, సాకు చెప్పుకోవడానికి.

తిరుగు ప్రయాణం

సోమవారం పొద్దున మాట ప్రకారం సెట్టును దుప్పటిలో చుట్టి మంచం మీద పెట్టి, సంచీ ఒక్కటే భుజాన వేసుకున్నాను. చెంగల్రాయుడు పెట్టె తెచ్చి సెట్టును అందులో పెట్టి, బెల్లం దిమ్మలకు కట్టే తాడుతో దాన్ని నాలుగు వైపులా బిగించి కట్టి, తనే నెత్తిన పెట్టుకుని స్టేషన్ వైపు నడిచాడు.

"ఉత్తరంలో మీకిస్తానని రాశాను కదండీ" అన్నాను వెంట నడుస్తూ.

"రాసినావు. ఇది నాకిచ్చి నువ్వు తెనాల్లో ఏం పెట్టుకోని మాట్లాడతావు? నాకీ పెట్టె ఎందుకప్పా? ఆ కొసన మనిషి కావాల."

మునిరత్నం ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. రిటైరయ్యాక అక్కడికి రావడం అదే మొదలట. ఆయనకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక కాళ్లకు దణ్ణం పెట్టబోయాను. "ఏందిది అయివారూ, రైల్వే స్టేషన్లో" అని సిగ్గుపడి వెనక్కి జరిగాడు. చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నాను. మునిరత్నం గారూ, నా చెవి పోయిందని అందరూ జాలిపడ్డారు. మీరొక్కరే, దానికేముందన్నట్టు, పని నేర్పారు.

తెనాలిలో రిక్షా దిగేసరికి సుశీల గుమ్మంలో ఉంది. పెట్టె చూసింది. నేను వెళ్లిన మర్నాడే సెట్టు ఉండే బల్ల మీద కుట్టుమిషను పెట్టుకుందని లోపలికి వెళ్లాక తెలిసింది. "ఆ కొస పట్టుకోండి" అంది. ఇద్దరం కలిసి మిషనును మళ్లీ వసారాలోకి మోశాం.

మొదటి ఆదివారం ఏరియల్ సరిచేయడంతోనే సరిపోయింది. రెండో ఆదివారం పొద్దున స్పీకరు మీద ఉంగరం వేలు పెట్టి కూర్చున్నాను. సుశీల కాఫీ తెచ్చి అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి వేలి కొసన కదలిక మొదలైంది. చెంగల్రాయుడి చెయ్యి. గీతలు కాస్త సాగదీసి పంపుతాడు, ఆ సాగు కూడా వేలికి తెలుస్తోంది.

"ఏమంటున్నారు?" అంది సుశీల. ఇన్నేళ్లలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకే చదివాను.

"'యాడికి పోయినావప్పా ఇన్ని దినాలు' అంటున్నాడు."